ఒంటి వయసు

ఫిబ్రవరి 3

ఒసే బుడ్డీ,

వచ్చేసింది! నా వయసు యాభై ఐదట!

కంగారుపడకు, మన పుట్టినరోజు ఎవరూ మార్చలేదు. ఇద్దరికీ అరవై రెండు నిండి మూడు నెలలైంది. కవలల మీద పరిశోధన అంటూ నవంబరులో మనిద్దరి దగ్గరా రెండేసి సీసాల రక్తం పట్టుకెళ్ళారు చూడు, ఆ ల్యాబ్ వాళ్ళు నా కణాలను పరీక్షించి పంపిన అంకె అది. మనిషికి అరవై రెండు, ఒంటికి యాభై ఐదు.

కవరు చేత్తో పట్టుకుని మూడంతస్తులూ ఆగకుండా ఎక్కాను. ఎదురింటి పళ్ళ డాక్టరు "లిఫ్టు పాడైందా అండీ?" అని అడిగాడు. "లిఫ్టూ బాగుంది, నేనూ బాగున్నాను" అన్నాను.

ల్యాబ్‌లో ఒక అమ్మాయి ఓపిగ్గా అన్నీ రాసి పంపింది. కణం రెండుగా చీలినప్పుడల్లా లోపలి పోగుల కొసలు కాస్త కాస్త అరుగుతాయట. రాత్రి పొట్ట తేలిగ్గా ఉండి, నిద్ర బాగా పడితే కణం తన ఇల్లు తానే ఊడ్చుకుంటుందట. ముప్పై ఏళ్ళుగా ఆరున్నరకే భోజనం ముగించి కోళ్ళతోపాటు గూట్లో చేరతానని నవ్వావు. చక్కెర మానేస్తే "ఇక బతికేం లాభం" అన్నావు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ గంటకోసారి లేచి తిరుగుతానని చెప్తే, మీ ఆయనతో నన్ను కాలు కాలిన పిల్లి అన్నావట. ఇప్పుడు అను!

నీ అంకె వెంటనే రాయి. ఫోన్ చెయ్యకు. ఈ చెవి మిషన్ పెట్టుకుంటే ఈల తప్ప మాట వినపడదు. పైగా నీ ఉత్తరాలుంటే నాకు దిద్దుకోవడానికి పని దొరుకుతుంది. పోయినసారి పదకొండు తప్పులు. మరిదిగారికి పక్షవాతం వచ్చి నాలుగేళ్ళయింది కదా, కాలు లాగడం ఈపాటికి తగ్గి ఉండాలి. నడిపిస్తున్నావా లేదా?

నీకన్నా ఘడియ ముందు పుట్టి, ఇప్పుడు ఏడేళ్ళు చిన్నదైన
అక్క


ఫిబ్రవరి 11

అక్కా,

నువ్వు మూడంతస్తులూ ఎక్కిన చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది.

ఈ వారమంతా కోట్లే. ఒకాయన వాళ్ళ తాతగారి కోటు తెచ్చి నాకు సరిపోయేలా చెయ్యండి అన్నాడు. ఆ తాత ఏనుగంత ఉండేవాడేమో, విప్పి పరిస్తే బల్ల మీద చోటు చాలలేదు. "ఇందులో మీలాంటివాళ్ళు ముగ్గురు పడతారండీ" అన్నాను. "మేం అన్నదమ్ములం ముగ్గురమే" అన్నాడు, మిగతా ఇద్దరికీ ఏమైనా వస్తుందా అని ఆశగా.

ముందుగదిలో నా కుట్టు మిషను, వెనకగదిలో మీ మరిది, మధ్య తలుపు తెరిచే ఉంటుంది. నేను కుట్టి ఇచ్చినవాటికి ఆయన కుడిచేత్తో దారపు కొసలు కత్తిరిస్తారు, కాగితం నమూనాలు సైజుల వారీగా సర్ది పెడతారు. ఇరవై ఎనిమిదేళ్ళు లిఫ్టులు బాగుచేసిన చెయ్యి, ఊరికే కూర్చోమంటే కూర్చోదు. కాలు కాస్త లాగుతూనే ఉంది. మిగతా అంతా బాగానే ఉంది. నీ ఉత్తరం చదివి వినిపిస్తే కాలు కాలిన పిల్లి దగ్గర ఆయన దొరికిపోయిన దొంగలా చూశారు.

అన్నట్టు నా అంకె అడిగావు కదూ. యాభై మూడు. ఏడవకు.

నీ
బుడ్డి


ఫిబ్రవరి 19

చెల్లికి,

అభినందనలు.

యాభై మూడు అన్నది మొదట రాతలో తప్పు అనుకున్నాను. కింద నువ్వు "ఏడవకు" అని రాశావు కాబట్టి తప్పు కాదని తేలింది.

నాకు ఏడుపు లేదు. సంగతి తెలుసుకోవాలని మాత్రం ఉంది. ఒకే కడుపులో ఒకేసారి పెరిగినవాళ్ళం. నేను చక్కెర ముట్టను, నువ్వు బిస్కెట్ల డబ్బా పక్కన పెట్టుకుని కుడతావు. నేను రోజూ నాలుగు కిలోమీటర్లు నడుస్తాను, నువ్వు వీధి చివరి పెట్టెలో ఉత్తరం వెయ్యాలన్నా బద్ధకిస్తావు. అలాంటప్పుడు నువ్వు నాకన్నా రెండేళ్ళు చిన్నదానివి ఎలా అయ్యావు? ఎన్నింటికి తింటావు, ఎప్పుడు పడుకుంటావు, ఎంతసేపు పడుకుంటావు, దాచకుండా రాయి.

తొమ్మిది తప్పులు. ఈసారి అక్షరాలు కూడా వంకరగా ఉన్నాయి. వెలుతురులో కూర్చుని రాయి.

అక్క


ఫిబ్రవరి 27

అక్కా,

అలిగావు. నువ్వు అలిగితే "చెల్లికి" అంటావు, చిన్నప్పటినుంచీ అంతే.

భోజనమా? బట్టలు తెచ్చేవాళ్ళు, పట్టుకెళ్ళేవాళ్ళు, ఆ మధ్యలో ఎప్పుడు వీలైతే అప్పుడు. ఒక్కోరోజు నిలబడే. టీలు లెక్కపెట్టలేదు. నడకంటే మిషను నుంచి మంచం దాకా, మంచం నుంచి మిషను దాకా. నిద్ర ముక్కలు ముక్కలుగా. రెండు గంటలు పడుకుంటాను, లేస్తాను, మళ్ళీ పడుకుంటాను, మళ్ళీ లేస్తాను. అలవాటైపోయింది.

ఇందులో రహస్యమేమీ లేదు. నీ యాభై ఐదు నువ్వు పట్టుకుని హాయిగా ఉండు. ఆ ముగ్గురు అన్నదమ్ముల్లో ఇద్దరికి కోట్లు వచ్చాయి, మూడోవాడికి టోపీ మాత్రమే వస్తుందని చెప్పాను. దానికీ సరే అన్నాడు, మంచివాడు.

బుడ్డి


మార్చి 16

బుడ్డీ,

పదిహేను రోజులుగా నీ పద్ధతిలో బతుకుతున్నాను.

నవ్వకు. నువ్వు రాసినదాన్ని నాలుగుసార్లు చదివాను. తిండి, నడక, టీ అన్నింటిలోనూ నువ్వే వెనక. నా దగ్గర లేనిదీ నీ దగ్గర ఉన్నదీ ఒక్క ముక్కల నిద్రే. అదే కిటుకు అనుకున్నాను. రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని లేవడం, పది నిమిషాలు కూర్చోవడం, మళ్ళీ పడుకోవడం. పోన్లే అని ఉదయం ఒక తీపి బన్ను కూడా మొదలెట్టాను. నడక మానేశాను. ముప్పై ఏళ్ళ మడి కట్టుకుని ఏం సాధించానని?

నాలుగో రోజుకి కళ్ళు మండాయి. ఎనిమిదో రోజు ఉప్పు డబ్బా ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతికాను. పన్నెండో రోజు జరిగింది అసలు సంగతి. ఒక కంపెనీ పెద్దాయన పోతే వాళ్ళ పత్రికకు సంతాప ప్రకటన వచ్చింది. నేనే దిద్దాను, నేనే సంతకం పెట్టాను. అచ్చయి కట్టలు కట్టాక బైండింగు ఆయన పరుగెత్తుకొచ్చాడు. "వారి మృతికి మా ప్రగాఢ సంతోషం తెలియజేస్తున్నాము."

ముప్పై ఆరేళ్ళలో నా చేతి కింద ఇలాంటిది దాటిపోలేదు. పేజీ మొత్తం మళ్ళీ వేశారు. యజమాని మంచివాడు, ఒక్క మాట అనలేదు. "రెండు నెలలు విశ్రాంతి తీసుకోండమ్మా, మీ కుర్చీ మీకే ఉంటుంది" అన్నాడు. అదే ఎక్కువ బాధగా ఉంది, తిట్టినా బాగుండేది.

ఇన్నేళ్ళ అలవాట్లు ఎందుకూ పనికిరాకపోయె, నీ అలవాట్లు నాకు పడకపోయె. రెంటికి చెడ్డ రేవడినయ్యాను. ఇంకెన్నాళ్ళు పడుతుంది ఇది అలవాటు కావడానికి? నీకు ఎన్నాళ్ళు పట్టింది?

అక్క


మార్చి 20

అక్కా,

"ప్రగాఢ సంతోషం" దగ్గర నవ్వాపుకోలేకపోయాను. ఆయనకు చదివి వినిపించాను, ఆయనా నవ్వారు. తక్కినది మాత్రం చదవలేదు, మడిచి జాకెట్లో పెట్టుకున్నాను.

ఆ అలారం తీసి పారెయ్యి. బన్ను మానెయ్యి. రేపటినుంచి నడక మొదలుపెట్టు. నా అంకె యాభై మూడు కాదు. డెబ్బై ఒకటి.

ఆయనకు కాలు లాగడం కాదక్కా. ఎడమవైపు మొత్తం పడిపోయింది. నువ్వు ఆస్పత్రిలో చూసి వెళ్ళినప్పుడు త్వరలో నడుస్తారన్నారు డాక్టర్లు. నడవలేదు. రాత్రిళ్ళు రెండు గంటలకోసారి పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. అదీ నా ముక్కల నిద్ర. నాలుగేళ్ళయింది. నువ్వు వస్తానన్నప్పుడల్లా ఇంటికి సున్నం వేస్తున్నారనో, ఊరెళ్తున్నామనో రాశాను. లోతైన లిఫ్టు గుంతల్లో తీగ పట్టుకుని వేలాడిన మనిషి, "నన్నిలా ఎవరికీ చూపించకు" అన్నారు. మాటిచ్చాను.

అంకె వచ్చిన రోజు ఆయనే ముందు అడిగారు, "ఎంతట?" అని. డెబ్బై ఒకటి అంటే ఆ తొమ్మిదేళ్ళూ తనే తిన్నానని అనుకుంటారు కదా. నోటికొచ్చినట్టు యాభై మూడు అన్నాను. "పడుచు పెళ్ళాం దొరికింది నాకు!" అని ఎంత నవ్వారో. ఎన్ని నెలలైందో ఆ నవ్వు విని. ఇంట్లో ఒక అంకె పుట్టాక నీకు ఇంకో అంకె ఎలా రాయను? నీ జవాబులన్నీ ఆయనకు చదివి వినిపించేది నేనే కదా.

ల్యాబ్ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. రాత్రి నిద్ర ఉంటుందా, ఇంట్లో ఎవరికైనా జబ్బా అని అడిగింది. ఏళ్ళ తరబడి నిద్ర తెగితే కణాలకు బాగుచేసుకునే తీరిక ఉండదంది. "అంచు కుట్టని గుడ్డకి పీచు లేచినట్టా అమ్మా?" అన్నాను. ఆమెకి నచ్చి రాసుకుంది. ఈ లెక్కలింకా పసివి, ఒక్క అంకె పట్టుకుని బెంగపడొద్దని కూడా చెప్పింది. నేను బెంగపడటం లేదు. నా వల్ల నీ ప్రెస్సులో నీకు మచ్చ వచ్చింది, అదే తట్టుకోలేకపోతున్నాను.

బుడ్డి


మార్చి 23

బుడ్డీ,

శనివారం మధ్యాహ్నం బండికి వస్తున్నాను. సున్నం వేస్తున్నారని రాయకు.

మర్నాడు నువ్వు నా ఇంటికి బయల్దేరుతున్నావు. తాళంచెవి నీ చేతికిస్తాను. నాకు రెండు నెలలు సెలవు, నువ్వే ఇప్పించావు. ఆదివారం లోపల ఆయనను తిప్పడం, కూర్చోబెట్టడం, మందులు అన్నీ నాకు నేర్పు. బట్టలు తెచ్చేవాళ్ళకి నేను రసీదు రాసి ఇస్తాను, కుట్టడం నువ్వొచ్చాక.

పదకొండు తప్పులు, తొమ్మిది తప్పులు అని లెక్కపెట్టాను. ఆ అక్షరాలు నిద్రలేక వంకరపోతున్నాయని చూడలేదు. ప్రూఫులు చదివేవాళ్ళకుండే జబ్బే ఇది. అక్షరం చూస్తాం, సంగతి చూడం.

ఈ ఒక్క వాక్యం ఆయనకు గట్టిగా చదివి వినిపించు: మరిదిగారూ, నేను తప్పులు దిద్దే మనిషినే గాని జాలిపడే మనిషిని కాను. భయపడకండి.

అక్క


ఏప్రిల్ 6

అక్కా,

నీ ఇంట్లోంచి నీకు ఉత్తరం రాయడం వింతగా ఉంది. అన్నీ తిన్నగా ఉన్నాయి ఇక్కడ, చెంచాలు కూడా.

నువ్వు గుమ్మంలోకి రాగానే ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నారు. నువ్వేమో పెట్టె కింద పెట్టి, "మరిదిగారూ, నేను ఆరు గంటలు ప్రయాణం చేసి వచ్చింది గోడను చూడటానికి కాదు" అన్నావు. ఆయన అటే తిరిగి "వదినగారూ, మీ చెవి మిషన్ ఈల వేస్తోంది" అన్నారు. నువ్వు "ఆఁ?" అన్నావు. మళ్ళీ చెప్పారు. మళ్ళీ "ఆఁ?" అన్నావు. మూడోసారి అరిచి చెప్పేసరికి ఆయనకే నవ్వొచ్చి ఇటు తిరిగారు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను, నీకు తెలీదు.

ఇక్కడికి వచ్చిన రోజు పెట్టె విప్పకుండా నీ మంచం మీద వాలాను. తలుపు బాదుతుంటే మెలకువ వచ్చింది. పళ్ళ డాక్టరు. దీపం వెలగలేదు, పాలు తియ్యలేదు, ఏమైందోనని భయపడ్డాడట. పద్నాలుగు గంటలు పడుకున్నాను! ఏ ఊళ్ళో ఉన్నానో, అసలు నేనెవరో గుర్తురావడానికి కాసేపు పట్టింది. ఆ తర్వాత మొదటి ఆలోచన, ఆయనను ఎవరు తిప్పారు అని. చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డాను.

తిప్పేటప్పుడు మోకాళ్ళ మధ్య దిండు పెడుతున్నావా? ఎడమ చెయ్యి ఒంటి కింద పడకుండా చూస్తున్నావా? మంచినీళ్ళు ఒక్కసారిగా ఇవ్వకు, పొలమారుతుంది. వెంటనే రాయి, లేకపోతే బండెక్కి వచ్చేస్తాను.

బుడ్డి


ఏప్రిల్ 19

బుడ్డీ,

రావద్దు. ఆయనను ఎవరూ తిప్పడం లేదు. ఆయనే తిరుగుతున్నారు.

పూర్తిగా చదివి అప్పుడు కేకలెయ్యి. మూడో రోజు పొద్దున ఆవలింతలతో టీ ఇస్తుంటే, "వదినగారూ, ఒక కాగితం, పెన్సిలు ఇస్తారా?" అన్నారు. గీశారు. మంచం పైన ఇనప కడ్డీ, రెండు గిలకలు, నడుం కింద వెడల్పాటి కాన్వాసు పట్టీ, కుడిచేత్తో లాగడానికి తాడు, అవతల ఎదురు బరువుకి ఇసక సంచి. "లిఫ్టుని మోటారొక్కటే మొయ్యదండీ, సగం పైగా ఎదురు బరువే మోస్తుంది. నేను సంచి బరువు సరిగ్గా చూసుకుంటే ఒంటిచేత్తో తిరుగుతాను" అన్నారు.

"ఈ ముక్క ఎప్పుడు తట్టింది?" అన్నాను.

"రెండేళ్ళయింది. మీ చెల్లితో అంటే, నేనుండగా మీకెందుకండీ ఈ తాళ్ళూ బొంగరాలూ అంది."

"మళ్ళీ అనలేదా?"

"నాకోసం లేచి లేచి అరిగిపోతున్న మనిషితో, నువ్వు అక్కర్లేదని ఎలా అంటాను?"

అదీ సంగతి. మేస్త్రీని పిలిచి కడ్డీ బిగించాం. దవాఖానా నర్సుని రప్పించి చూపించాం. ఆమె పట్టీకి మెత్త వేయించి, వీపు ప్రతి రోజూ చూడమంది. ఇసక ఎంత పొయ్యాలో ఆయన గిద్దెడు గిద్దెడుగా చెప్తుంటే నేను పోశాను. మొదటి రాత్రి కుర్చీలో కూర్చుని కాపలా కాశాను. మూడుసార్లు తిరిగారు. మూడోసారి "మీరు పడుకోండి వదినగారూ, లిఫ్టు పనిచేస్తోంది" అన్నారు. వారమైంది. వీపు మీద ఎర్ర మచ్చ కూడా లేదు.

ఇంకొకటి. నీ డెబ్బై ఒకటి ఆయనకు తెలుసు. మొదటి రోజునుంచీ తెలుసు. ఆ ల్యాబ్ ఉత్తరం వెనక్కి తిప్పి కాలరు నమూనా కత్తిరించావు కదే, తెలివైనదానా! నమూనాలు సర్దేది ఎవరు? నువ్వు అంకె చెప్పకముందే, ఆ పూటే సర్దుతూ చూశారట, చూశాకే "ఎంతట?" అని అడిగారట. మరి ఎందుకు నవ్వారని అడిగాను. "అంత కష్టపడి చెప్పింది కదండీ, నవ్వకపోతే ఏం బాగుంటుంది?" అన్నారు.

నీ కొట్టు బోర్డు మీద "మార్పులు చెయ్యబడును"లో ఒత్తు తప్పుంది. దిద్దించాను.

అక్క


ఏప్రిల్ 26

అక్కా,

ముందు కోపం వచ్చింది. నా మొగుడికి తాళ్ళు కట్టి ఇసక సంచి వేలాడదీస్తావా అని ఒక పేజీ రాశాను. చించేశాను. నీ వీధిలో చెరువు చుట్టూ నడిచొచ్చాను. మళ్ళీ చదివాను.

నేనుండగా మీకెందుకు అన్న మాట నిజమే. ప్రేమగానే అన్నాను. ఆయన చెయ్యగలిగినది నేను లాక్కుంటున్నానని అప్పుడు తోచలేదు. ఆ నవ్వు సంగతి చదివాక మాత్రం ఏం చెయ్యాలో తెలియక నీ చెంచాలన్నీ మళ్ళీ తోమాను.

మే పదిన వస్తాను. అప్పటిదాకా రోజూ పడుకుంటాను, ఒట్టు. ఆరున్నరకి భోజనం కూడా చేస్తున్నాను. మొదటి రెండు రోజులు ఆకలికి బిస్కెట్ల కోసం నీ అల్మారాలన్నీ వెతికాను. గింజలు తప్ప ఏమీ లేవు. నువ్వు మనిషివా, పిట్టవా?

ఆయనకు చెప్పు... వద్దు, నేనే వచ్చి చెప్తాను.

బుడ్డి


జూన్ 24

బుడ్డీ,

నా కుర్చీ నాకే ఉంది. పోయిన నెల తిరిగి చేరిన మొదటి రోజే నాలుగు తప్పులు పట్టాను. యజమాని టేబుల్ మీద చిన్న పూలగుత్తి పెట్టాడు, దాంతోపాటు సంతాప ప్రకటన ఒకటి. ఇద్దరం పడిపడి నవ్వాం, ఆ పోయినాయన క్షమించుగాక.

ల్యాబ్ వాళ్ళు మళ్ళీ రక్తం తీశారు. యాభై ఆరు. ఒకటి పెరిగింది. ముల్లు అటూ ఇటూ ఊగుతుందిలే అంది ఆ అమ్మాయి. నిజానికి నాకు పట్టింపు లేదు. నెలన్నర మీ ఇంట్లో ఉండి వచ్చాక ఇక్కడ సాయంత్రాలు మరీ నిశ్శబ్దంగా ఉన్నాయి, చెవి మిషన్ తీసేసినట్టు. ప్రతి నెలా చివరి వారం మీ ఇంటికి వస్తానని మరిదిగారికి మాటిచ్చాను. నిన్ను అడగలేదు, నీకు చెప్తున్నానంతే.

నీకు శుక్రవారం ఉదయం ఏడింటికి నర్సును ఇంటికే పంపుతారట. పరగడుపున ఉండాలి. మర్చిపోకు. అంకె ఎంతైనా సరే, ఈసారి అసలుది రాయి.

అక్క


జూలై 2

అక్కా,

అంకె లేదు. ఏం జరిగిందో చెప్తాను, తిట్టకు.

గురువారం ఆరింటికే కొట్టు మూసి, ఆయన చక్రాల కుర్చీ తోసుకుంటూ వంతెన దాకా వెళ్ళొచ్చాం. ఇప్పుడు రోజూ వెళ్తున్నాం. వచ్చి తిని పడుకున్నాను. అలారం ఆరున్నరకి పెట్టానని నాకు బాగా గుర్తు.

కళ్ళు తెరిచేసరికి గదంతా ఎండ. తొమ్మిదీ నలభై. ఉలిక్కిపడి లేచాను. ఆయన మంచం మీద లేరు. ముందుగదిలో కుర్చీలో కూర్చుని గుండీలు రంగుల వారీగా సర్దుతున్నారు. తాడు పట్టుకుని లేచి కుర్చీలోకి జరగడం పది రోజులుగా సాధన చేస్తున్నారు గాని, పక్కన నేను లేకుండా జరగడం ఇదే మొదటిసారి.

"నర్సు ఏదండీ?" అన్నాను.

"వచ్చి వెళ్ళిపోయింది."

"నన్ను లేపలేదేం? అలారం ఏమైంది?"

"నేనే ఆపాను" అన్నారు, గుండీల మీంచి తల ఎత్తకుండా.

ఆ నర్సు ఏడింటికి సరిగ్గా వచ్చిందట. ఈయనే వెళ్ళి తలుపు తీశారు. మా ఆవిడ నిద్రపోతోంది, ఇంకో రోజు రండి అన్నారట. ఐదు నిమిషాల పనేనండీ, కాస్త లేపండి అందట ఆమె. లేపనమ్మా అన్నారట. పాపం ఆమె గడియారం చూసుకుని, పోనీ కాసేపు కూర్చుంటాను, మామూలుగా ఎన్నింటిదాకా పడుకుంటారు అని అడిగిందట.

"ఏమో అమ్మా, నాకూ తెలీదు" అన్నారట ఈయన. "ఇవాళే చూద్దామనుకుంటున్నాను."

నీ
బుడ్డి